డేట్‌కి నాలుగు రోజుల ముందే చిన్న మరక... కడుపు నిలిచిన గుర్తేనా?

సన్నజాజి_రాజమండ్రి (మంగళవారం, సాయంత్రం)
పొద్దున బాత్రూంలో తుడుచుకున్నప్పుడు లేత గులాబీ రంగులో చిన్న మరక కనిపించింది. మధ్యాహ్నానికి గోధుమ రంగులోకి మారింది, ఆ తర్వాత ఏమీ లేదు. ప్యాడ్ పెట్టుకున్నా రెండు చుక్కలకు మించి పడలేదు. నా డేట్ శనివారం. ఎప్పుడూ 28, 29 రోజులకి ఠంచనుగా వస్తుంది, నాలుగు రోజుల ముందు రావడం పెళ్లయిన ఈ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా లేదు. ఆరు నెలలుగా పిల్లల కోసం చూస్తున్నాం. ఆగలేక వెంటనే టెస్ట్ చేసేశాను, ఒక్క గీతే వచ్చింది.

శుక్రవారం ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. అత్తయ్యగారికి చెప్పిన దగ్గర్నుంచి "ఇది మైలే, ఈసారి నువ్వు పీట మీద కూర్చోకు" అంటున్నారు. మా ఆయనేమో ఎక్కడో చదివి "కడుపు నిలిచినప్పుడు ఇలాగే పడుతుందట" అని అప్పుడే సంబరపడిపోతున్నారు. ఇద్దరి మధ్యా నాకు ఏడుపొస్తోంది. ఇలా మరక పడి, తర్వాత ప్రెగ్నెన్సీ అని తేలినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఓరుగల్లు_అక్క
ఉన్నాను, ఒక్కసారి కాదు రెండుసార్లు. పెద్దదానికీ చిన్నోడికీ కూడా డేట్‌కి ముందు ఇట్లనే ఒకపూట మరక పడి ఆగిపోయింది. చిన్నోడప్పుడైతే మరక చూడగానే మా అమ్మకి ఫోన్ చేసి చెప్పిన, "అమ్మా నెల తప్పుతది చూడు" అని. అట్లనే అయింది. ధైర్యంగా ఉండు చెల్లీ, నాకైతే శుభవార్త లాగే ఉంది.

చిక్కుడుతీగ
ఓరుగల్లు అక్కా, అందరికీ అలా జరగదు. పోయినేడాది నాకు నాలుగు నెలలు వరుసగా డేట్‌కి ముందు మరక పడింది. ప్రతిసారీ ఆశ, ప్రతిసారీ రెండు మూడు రోజుల్లో మామూలుగా పీరియడ్స్. చివరికి డాక్టర్ రక్తపరీక్ష రాస్తే థైరాయిడ్ అని తేలింది. మందు మొదలుపెట్టాక మరకలు ఆగిపోయాయి. అందుకే సన్నజాజికి ఇప్పుడే ఖాయం అని చెప్పకండి. తర్వాత కాకపోతే ఆ బాధ ఎంతుంటుందో నాకు తెలుసు.

మల్లెపందిరి
రంగు ఏంటి, ఎన్ని గంటలు, నొప్పి ఉందా లేదా, ఇవి చెప్పండి ముందు. నాకు కలయిక తర్వాత ఇలా వచ్చేది, గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న పుండులాంటిది ఉందన్నారు.

సన్నజాజి_రాజమండ్రి
@మల్లెపందిరి మొదట లేత గులాబీ, తర్వాత గోధుమ. మొత్తం ఐదారు గంటలు. నొప్పి లేదు, నడుం కొంచెం లాగుతోంది. కలయిక కూడా కారణం కాదండీ, మా ఆయన పది రోజులుగా హైదరాబాద్‌లో ఉండి నిన్న రాత్రే వచ్చారు.

పెసరట్టు_ఉప్మా
అయితే బావగారికి చెప్పండి, స్వీట్ల షాపుకి శనివారం దాకా వెళ్లొద్దని :) కానీ ఆయన సంబరం చూస్తే ముచ్చటేస్తోంది.

గైనిక్_పీజీ
గుంటూరులో గైనిక్ పీజీ చేస్తున్నాను. ఈ ప్రశ్న ఓపీలో రోజూ వింటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అండం విడుదలయ్యేది తర్వాతి పీరియడ్స్‌కి సుమారు 14 రోజుల ముందు. అంటే సన్నజాజి గారికి 28 రోజుల లెక్కన 14వ రోజు ప్రాంతంలో. అండం ఫలదీకరణ చెంది ట్యూబులోంచి మెల్లగా దిగి గర్భసంచి గోడకి అంటుకోవడానికి, ఎక్కువమందిలో అండం విడుదలయ్యాక 8 నుంచి 10 రోజులు పడుతుంది. అంటే 22 నుంచి 24వ రోజు. ఆమె మరక చూసింది 24, 25వ రోజున. అందుకని లెక్కకి సరిపోయినట్టే కనిపిస్తుంది, భర్త పది రోజులు ఊళ్లో లేకపోయినా అంతకుముందు ఉన్నారు కాబట్టి అవకాశం లేదని చెప్పలేం.

కానీ టెస్ట్ ఒక్క గీత చూపించడం వల్ల తేలిందేమీ లేదు. ఆ కిట్ పట్టుకునేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గోడకి అంటుకున్నాకే అది తయారవడం మొదలవుతుంది. మూత్రంలో కిట్‌కి అందేంత చేరడానికి ఇంకా కొన్ని రోజులు కావాలి. మరక పడిన రోజే టెస్ట్ చేస్తే, కడుపు నిలిచి ఉన్నా సరే ఒక్క గీతే రావచ్చు. డేట్ దాటిన రోజు పొద్దున్నే మొదటి మూత్రంతో చేయండి. అప్పుడూ రెండో గీత రాకపోతే, పీరియడ్స్ కూడా రాకపోతే, మూడు రోజులు ఆగి మళ్లీ.

ఇంకో మాట. "పిండం అంటుకున్నప్పుడు రక్తం వస్తుంది" అని అందరూ అంటున్నారు గానీ అది అంత గట్టిగా రుజువైన విషయం కాదు. 2003లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో కడుపు నిలిచిన 151 మందిని రోజువారీగా గమనించారు. మొదటి ఎనిమిది వారాల్లో మరక కనిపించింది 14 మందికి మాత్రమే. అదీ పిండం అంటుకున్న రోజున కాదు, ఎక్కువగా పీరియడ్స్ రావాల్సిన సమయానికి దగ్గర్లో. ఆ 14 మందిలో 12 మందికి బిడ్డలు పుట్టారు. కాబట్టి మరక పడితే కడుపు పోయిందని భయపడక్కర్లేదు, మరక పడింది కదా కడుపే అని నమ్మడానికీ లేదు.

ఓరుగల్లు_అక్క
డాక్టరమ్మా మీ లెక్కలు మీవి, నాకు జరిగింది నాకు జరిగింది. రెండుసార్లూ అబద్ధమెట్ల అయితది?

గైనిక్_పీజీ
అబద్ధం అనడం లేదు అక్కా. మీకు మరక పడింది నిజం, కడుపు నిలిచింది నిజం. కాకపోతే మరక తర్వాత పిల్లలు పుట్టినవాళ్లు దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు, మరక తర్వాత మామూలుగా పీరియడ్స్ వచ్చినవాళ్లు వారానికి మర్చిపోతారు. అందుకే ఎవరిని అడిగినా "నాకు అలాగే అయింది" అన్నవాళ్లే ముందు మాట్లాడతారు. చిక్కుడుతీగ గారిలాంటివాళ్లు రాస్తేనే రెండో వైపు తెలుస్తుంది.

ఓరుగల్లు_అక్క
ఈ మాట బాగుంది. మా చెల్లెకి కూడా ఒకసారి పడి ఏం కాలేదు, నిజమే, ఇప్పుడు యాదికొచ్చింది.

సిస్టరమ్మ_ఖమ్మం
పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా 19 ఏళ్లు చేస్తున్నాను. కిట్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే పొరపాటు చేస్తారు. చుక్కలు వేశాక ఐదు నిమిషాలకి చూడాలి. చూసి పడేయాలి. గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే ఆరిపోయిన చోట బూడిద రంగులో గీత నీడలా కనిపిస్తుంది, దాన్ని నమ్మి ఇల్లంతా చెప్పుకున్నవాళ్లని చూశాను. 'సి' దగ్గర గీత రాకపోతే ఆ కిట్టే పని చేయనట్టు. 'టి' దగ్గర మసగ్గా అయినా సరే రంగు గీత ఐదు నిమిషాల్లోపు వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి, రెండు రోజులాగి మళ్లీ చేస్తే ముదురుతుంది. డబ్బులు పెట్టి డజను కొనక్కర్లేదు, మీ ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉంటుంది, ఉచితం.

బెంగళూరు_కోడలు
సిస్టర్ గారూ, ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే చికిత్స) చేయించుకున్నవాళ్లు కూడా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అండం విడుదల కోసం ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉండేది హెచ్‌సీజీయే. నేను ఆరో రోజునే టెస్ట్ చేస్తే రెండు గీతలు వచ్చాయి, ఎగిరి గంతేశాం. అది ఇంజెక్షన్ గీతట. ఇంజెక్షన్ అయ్యాక రెండు వారాలు ముట్టుకోవద్దని తర్వాత చెప్పారు. ముందే చెప్పి ఉంటే బాగుండేది.

పొలంగట్టు
మగవాణ్ణి, తప్పుగా అనుకోకండి. మా ఆవిడకి డేట్ దాటి ఆరు రోజులు, నిన్న రెండు గీతలు వచ్చాయి, ఇవాళ గోధుమ రంగు మరక పడింది. తనకి అడగడానికి సిగ్గు. మా పిన్ని "బొప్పాయి తిన్నావు, అందుకే" అని తిడుతోంది. పడుకోబెట్టి లేవనివ్వడం లేదు. ఏం చేయాలి?

కనకాంబరం
ఇది ఆడవాళ్ల విషయం, మీ ఆవిడనే రాయమనండి.

చిక్కుడుతీగ
@కనకాంబరం ఎందుకండీ అలా? భార్య కోసం అడిగే మగవాళ్లు ఇంకా పదిమంది రావాలి. మా ఆయన ఇలా అడిగి ఉంటే నా థైరాయిడ్ ఆరు నెలల ముందే తెలిసేది.

సిస్టరమ్మ_ఖమ్మం
@పొలంగట్టు మంచి పని చేశారు అడిగి. బొప్పాయిని తిట్టకండి, మీ ఆవిడని అసలే తిట్టనివ్వకండి. మొదటి మూడు నెలల్లో ఎంతోకొంత రక్తం కనిపించేవాళ్లు నలుగురిలో ఒకరు ఉంటారు, వాళ్లలో ఎక్కువమందికి కడుపు చక్కగా నిలుస్తుంది. మంచం దిగకుండా పడుకుంటే నిలబడుతుంది అనేదానికి కూడా ఆధారం లేదు. బరువులు మోయకుండా మామూలుగా తిరగొచ్చు. కానీ రెండు గీతలు వచ్చాక మరక పడితే డాక్టర్‌కి చూపించాలి, వేచి చూడకూడదు. వెళ్లేటప్పుడు బ్లడ్ గ్రూప్ కాగితం పట్టుకెళ్లండి. నెగెటివ్ గ్రూప్ అయితే ముందే చెప్పండి, అవసరమైతే యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవకుండా ఆపేది) ఇస్తారు.

గైనిక్_పీజీ
సిస్టర్ గారు చెప్పినదానికి కలుపుతాను. తొలి వారాల్లో కడుపు పోయిన కేసుల్లో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల లోపం వల్లే. తిన్న పండు వల్లో మెట్లెక్కడం వల్లో కాదు. ఇది ప్రతి అత్తగారికీ ప్రతి పిన్నికీ చేరాలి. స్కాన్‌కి తొందరపడితే కూడా నష్టమే, ఐదు వారాలకి పిండం పెరిగే తిత్తి మాత్రమే కనిపిస్తుంది, గుండె కొట్టుకోవడం ఆరు వారాలు దాటాక. అంతకు ముందే చేసి "ఏమీ లేదు" అంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. అలాంటప్పుడు బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష 48 గంటల తేడాతో రెండుసార్లు చేసి, ఎంత పెరిగిందో చూస్తాం. కానీ నొప్పి కూడా ఉంటే వారాల లెక్క చూడకుండా స్కాన్ చేయాల్సిందే.

పొలంగట్టు
ఆవిడ గ్రూప్ ఓ నెగెటివ్. రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నా. నొప్పేమీ లేదంటోంది. చాలా చాలా థ్యాంక్స్.

మల్లెపందిరి
వారాల లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. డేట్ దాటి వారమే అయితే ఐదు వారాలంటారేంటి?

సిస్టరమ్మ_ఖమ్మం
పోయిన నెల పీరియడ్స్ మొదలైన రోజు నుంచి లెక్కపెడతారమ్మా. అందుకే డేట్ తప్పిన రోజుకే నాలుగు వారాలు అయిపోయినట్టు.

సన్నజాజి_రాజమండ్రి (బుధవారం)
ఇవాళ మరక లేదు. రొమ్ములు కొంచెం బరువుగా ఉన్నాయి. ఇది గుర్తేనా? పూజ సంగతి ఇంకా తేలలేదు. అత్తయ్యగారు చెడ్డావిడ కాదు, వ్రతానికి లోపం వస్తుందేమోనని ఆవిడ భయం.

చిక్కుడుతీగ
రొమ్ములు బరువుగా ఉండటం పీరియడ్స్ ముందు కూడా ఉంటుంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పీరియడ్స్ ముందూ, కడుపు నిలిచినప్పుడూ ఒకేలా పని చేస్తుంది. దయచేసి ఒంట్లో ప్రతి మార్పునీ లెక్కపెట్టుకోవద్దు, నేను అలా చేసి నిద్ర పోగొట్టుకున్నాను.

బామ్మగారి_మాట
నాకు 66 ఏళ్లు. మనవరాలు టైపు చేసిపెడుతోంది. అమ్మాయ్, వరలక్ష్మీ వ్రతం రెండో శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో ఇంకో శుక్రవారం చేసుకోవడం మనకి అలవాటే, మీ అత్తగారికి ఆ మాట చెప్పు. ఆవిడకీ నీకూ గొడవ ఉండదు.

మరక గురించి ఒక సంగతి చెబుతాను. మా రోజుల్లో టెస్టులు లేవు, నెల తప్పి వేవిళ్లు మొదలైతేనే తెలిసేది. మా తోటికోడలు ఒకామెకి నెల పది రోజులు దాటి, కొంచెం కొంచెంగా మరక మొదలైంది. బయట చేరింది అనుకున్నాం అందరం. కడుపులో ఒక పక్క నొప్పి అంటే వాము నీళ్లు ఇచ్చాం. నాలుగో రోజు పెరట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఎడ్లబండిలో పట్నం చేర్చేసరికి ప్రాణం లేదు. గొట్టంలో కడుపు నిలిచి పగిలిందని డాక్టరు చెప్పాడు. 24 ఏళ్లు దానికి. ఇప్పటికీ ఆ పెరడు తలుచుకుంటే నాకు గుండె పిండేసినట్టుంటుంది. అందుకని, మరకతో పాటు నొప్పి ఉంటే మాత్రం వాము నీళ్లు తాగించి కూర్చోవద్దు.

పెసరట్టు_ఉప్మా
బామ్మగారూ చదివి కళ్లు తడిశాయి. మీ మనవరాలికి కూడా థ్యాంక్స్.

గైనిక్_పీజీ
బామ్మగారు చెప్పింది ఎక్టోపిక్, మనవాళ్లు ట్యూబ్ ప్రెగ్నెన్సీ అంటారు. వంద గర్భాల్లో ఒకటో రెండో. రక్తం చాలా తక్కువగా, గోధుమ రంగులో రావచ్చు, అందుకే మోసపోతాం. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, భుజం చివర నొప్పి (లోపల కారిన రక్తం పొట్ట పైభాగానికి చేరి అక్కడి నరాన్ని రేపుతుంది, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది) ఉంటే అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి వెళ్లాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా అంతే.

నీలికలువ (గురువారం, రాత్రి 9 తర్వాత)
ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. బామ్మగారి పోస్టు చదివి చేతులు వణుకుతున్నాయి. నాకు ఈసారి డేట్ ఐదు రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చింది అనుకున్నాను. కానీ ఎప్పటిలా కాదు, రోజూ కొంచెం గోధుమ రంగు, ఇవాళ్టికి ఎనిమిది రోజులు, ఆగట్లేదు. ఎడమ పక్క కింద రెండు రోజులుగా నొప్పి, వచ్చి పోతోంది. పక్కనున్న మెడికల్ షాపులో అడిగితే బ్లీడింగ్ ఆగడానికి మాత్రలు ఇచ్చారు. పీరియడ్స్ వచ్చింది కదా అని టెస్ట్ చేయలేదు. చేయాలా?

చిక్కుడుతీగ
ఇప్పుడే చేయండి. ఇప్పుడే.

సిస్టరమ్మ_ఖమ్మం
పొద్దుటి దాకా ఆగొద్దు తల్లీ, నెల దాటి ఇన్ని రోజులైంది కాబట్టి ఏ వేళ మూత్రమైనా తెలుస్తుంది. కిట్ దొరక్కపోయినా సరే, హాస్పిటల్‌కి బయల్దేరు. మందుల షాపు మాత్రలు ఆపేయ్.

నీలికలువ
మెడికల్ షాపు తెరిచే ఉంది, తెచ్చి చేశాను. రెండు గీతలు. చాలా ముదురుగా. ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు, పొద్దున ఆరుకి వస్తారు. ఆయన వచ్చాక వెళ్లొచ్చా?

గైనిక్_పీజీ
వద్దు. టెస్ట్ పాజిటివ్, ఒక పక్క నొప్పి, ఎనిమిది రోజుల మరక. ఇది ఎక్టోపిక్ కాదని తేలేదాకా ఎక్టోపిక్ అనుకునే కదలాలి. స్కాన్, ఆపరేషన్ థియేటర్ రెండూ ఉన్న హాస్పిటల్‌కి ఇప్పుడే వెళ్లండి. భర్తకి ఫోన్ చేసి నేరుగా అక్కడికే రమ్మనండి. ఏమీ తినకండి, ఒకవేళ ఆపరేషన్ అవసరమైతే ఇబ్బంది. ఒక్కరే బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, దారిలో కళ్లు తిరగొచ్చు.

ఓరుగల్లు_అక్క
పక్కింటి తలుపు కొట్టు చెల్లీ, సిగ్గుపడకు. ఎవ్వరూ లేకుంటే 108 కి చెయ్యి. బయల్దేరినవా లేదా ఒక్క మాట రాయి.

నీలికలువ
పక్కింటి ఆంటీ వస్తున్నారు. 108 కి కూడా చేశాం.

బామ్మగారి_మాట (శుక్రవారం, పొద్దున)
రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ పిల్ల ఏమైనా రాసిందా?

పెసరట్టు_ఉప్మా
లేదు బామ్మగారూ. నేనూ అదే చూస్తున్నా.

సన్నజాజి_రాజమండ్రి
పూజలో ఆవిడ పేరు తెలియకపోయినా అమ్మవారికి చెప్పుకున్నాను. అవును, కూర్చున్నాను. బామ్మగారి మాట చెబితే అత్తయ్యగారు ఒక నిమిషం ఆలోచించి, "మూడు రోజులుగా మరక లేదు కదా, తలస్నానం చేసి కూర్చో" అన్నారు. తోరం ఆవిడే కట్టారు.

పొలంగట్టు
మాదీ చెప్పేస్తాను. అన్నట్టే మర్నాడు పొద్దున చూపించాం. తిత్తి గర్భసంచిలోనే ఉంది, చిన్నది, రెండు వారాలాగి గుండె చూద్దాం అన్నారు. యాంటీ-డి అవసరమా లేదా డాక్టర్ గారు మళ్లీ చెబుతామన్నారు, గ్రూప్ మాత్రం పెద్ద అక్షరాలతో కార్డు మీద రాశారు. ఒక డౌట్, ప్రొజెస్టిరాన్ మాత్రలు రాయమని మా పిన్ని గొడవ చేసింది, డాక్టర్ రాయలేదు. రాయించుకోవాలా?

గైనిక్_పీజీ
మీ ఆవిడకి ఇంతకుముందు అబార్షన్లు అయ్యాయా? మరక పడిన ప్రతి ఒక్కరికీ ఆ మాత్ర వల్ల ఉపయోగం ఉంటుందని తేలలేదు. బ్రిటన్‌లో 2019లో వచ్చిన పెద్ద పరీక్షలో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ అంతకు ముందు కడుపు పోయినవాళ్లకి కొంత మేలు కనిపించింది. మొదటిసారే అయితే మీ డాక్టర్ రాయకపోవడం సరైనదే.

పొలంగట్టు
ఇదే మొదటిసారి. అయితే పిన్నికి ఈ ముక్క చదివి వినిపిస్తాను.

సన్నజాజి_రాజమండ్రి (ఆదివారం)
నిన్న డేట్ దాటింది. ఇవాళ పొద్దున్న చేశాను. ఒక్క గీతే. ఇంకా రాలేదు కాబట్టి మనసు ఊరుకోవట్లేదు.

చిక్కుడుతీగ
ఇంకో రెండు రోజులు చూడండి. టెన్షన్ పడితే అండం విడుదలయ్యే రోజు జరగొచ్చు, నాలుగు రోజులు అటూ ఇటూ అవ్వొచ్చు.

మల్లెపందిరి
ఒకటి అడగనా, ఈ నెల ఎమర్జెన్సీ పిల్ లాంటిదేమైనా వేసుకున్నారా? దానివల్ల కూడా మధ్యలో మరక పడుతుంది, డేట్ మారుతుంది.

సన్నజాజి_రాజమండ్రి
లేదండీ, పిల్లల కోసమే చూస్తున్నాం కదా.

నీలికలువ (ఆదివారం, సాయంత్రం)
అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. హాస్పిటల్ బెడ్ మీద నుంచి రాస్తున్నాను. గురువారం రాత్రి పదకొండున్నరకి స్కాన్ చేశారు. గర్భసంచిలో ఏమీ లేదు, ఎడమ ట్యూబు దగ్గర చిన్న గడ్డలా ఉంది, పగల్లేదు. రెండు రోజుల్లో పగిలి ఉండేదేమో అన్నారు డాక్టరమ్మ. హెచ్‌సీజీ మరీ ఎక్కువ లేదు కాబట్టి ఆపరేషన్ లేకుండా మెథోట్రెక్సేట్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగో రోజు, ఏడో రోజు మళ్లీ రక్తం తీసి తగ్గుతోందో లేదో చూస్తారు. తగ్గకపోతే ఇంకో ఇంజెక్షన్ లేదా ఆపరేషన్.

ట్యూబు మిగిలింది, నేను మిగిలాను. ఆయన పక్కన కూర్చుని ఈ పోస్టులన్నీ చదివారు. కడుపు నిలిచిందని తెలిసిన రాత్రే పోయిందని కూడా తెలిసింది, అది తలుచుకుంటే ఏడుపు ఆగట్లేదు. కానీ బామ్మగారూ, మీరు ఆ కథ రాయకపోతే నేను ఆ మాత్రలు వేసుకుని పడుకునేదాన్ని.

బామ్మగారి_మాట
నా తల్లీ. ఏడువు, ఏడవాలి. మంచంలో ఉన్నంతకాలం నీకు ఎవరు వండి పెడుతున్నారు? దగ్గర్లో ఎవరూ లేకపోతే చెప్పు, మా వాళ్లు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నారు.

నీలికలువ
అమ్మ వచ్చింది బామ్మగారూ. పక్కింటి ఆంటీ రోజూ క్యారేజీ పంపుతున్నారు.

సిస్టరమ్మ_ఖమ్మం
బాగా చేశావు తల్లీ. ఇంటికెళ్లాక కూడా కడుపు నొప్పి ఎక్కువైతే, కళ్లు తిరిగితే, "ఇంజెక్షన్ అయింది కదా" అనుకోకుండా వెంటనే వెనక్కి రా. ఇంజెక్షన్ తర్వాత కూడా కొందరికి పగులుతుంది.

కనకాంబరం
@పొలంగట్టు ఆ రోజు అలా అన్నందుకు క్షమించండి. నీలికలువ గారి భర్త పక్కన కూర్చుని చదివారని చూశాక నాదే తప్పనిపించింది.

పొలంగట్టు
అయ్యో, ఏం లేదండీ.

సన్నజాజి_రాజమండ్రి (సోమవారం)
పొద్దున వచ్చేసింది. ఎప్పటిలాగే, మామూలుగా. గోధుమ కాదు, ఎర్రగా. కాసేపు బాత్రూంలోనే కూర్చుండిపోయాను. మా ఆయన ఏమీ అనలేదు, కాఫీ పెట్టి తెచ్చారు. అత్తయ్యగారు "వచ్చే నెల చూద్దాం, నాకూ పెళ్లయిన మూడేళ్లకి పుట్టాడు వీడు" అన్నారు, ఆ మాట ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదు.

నీలికలువ గారూ, మీ బాధ ముందు నాది చిన్నది.

నీలికలువ
అలా అనొద్దండీ. ఆరు నెలలు ఎదురుచూడటం చిన్నదేం కాదు.

ఓరుగల్లు_అక్క
సన్నజాజీ, మొదటి రోజే నీకు ఆశ పెట్టింది నేనే. మనసుకి కష్టంగా ఉంది. వచ్చే నెల మరక పడ్డా పడకున్నా, డేట్ దాటినంక టెస్ట్ చేసి చెప్పు, అప్పటిదాక నేను నోరు తెరవను.

సన్నజాజి_రాజమండ్రి
మీ మాట వల్ల నాలుగు రోజులు సంతోషంగా ఉన్నాను అక్కా, దానికి బాధ లేదు. ఒకటి అడగాలి. మరక ఎందుకు పడిందో డాక్టర్‌కి చూపించాలా? వచ్చే నెలకి ముందుగా ఏమైనా వేసుకోవాలా?

గైనిక్_పీజీ
ఒక్కసారి పడితే కంగారు లేదు. వరుసగా రెండు మూడు నెలలు డేట్‌కి ముందు మరక పడితే, లేదా కలయిక తర్వాత పడితే చూపించండి, థైరాయిడ్, గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేస్తారు. డేట్లు, మరకలు ఒక క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే. ఏడాది ప్రయత్నించినా నిలవకపోతే ఇద్దరూ కలిసి వెళ్లండి, ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే మగవాళ్ల పరీక్ష తేలిక, అయినా చాలా ఇళ్లలో అదే చివరికి పెడతారు.

ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం కడుపు నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుపోతుంది, అంటే చాలామందికి కడుపు నిలిచిందని తెలిసేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. తెలిశాక మొదలుపెడితే ఆలస్యం కావచ్చు.

నీలికలువ గారూ, మీరు మాత్రం ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ వేసుకోకండి. మీకిచ్చిన ఇంజెక్షన్ ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే పని చేస్తుంది, ఇంట్లో ఎవరైనా బలానికని ఆ మాత్రలు ఇస్తే మందు సరిగా పని చేయదు. హెచ్‌సీజీ పూర్తిగా తగ్గాక మీ డాక్టర్ చెప్పినప్పుడే. కనీసం మూడు నెలలు మళ్లీ కడుపు రాకుండా చూసుకోండి.

నీలికలువ
అమ్మ నిన్ననే బలం మాత్రలు తెచ్చింది. ఇప్పుడే డబ్బా తిప్పి చూశాను, ఫోలిక్ యాసిడ్ ఉంది. పక్కన పెట్టేశాను.